ఓడలో ఉండగానే మనవాళ్లకు తర్వాతి క్రూజ్ బుక్ చేయాలా?

ఓడ ఎక్కిన కాసేపటికే గదిలోకి కాగితాలు మొదలవుతాయి. తర్వాతి క్రూజ్ ఇక్కడే బుక్ చేసుకుంటే డిపాజిట్ తక్కువ, పైగా ఓడలో ఖర్చులకు క్రెడిట్ ఇస్తామని. రాయల్ కరేబియన్ అనే క్రూజ్ కంపెనీలో దీన్ని నెక్స్ట్‌క్రూజ్ అంటారు, నార్వీజియన్ కంపెనీలో క్రూజ్‌నెక్స్ట్. సెలవు మూడ్‌లో ఉన్నవాడికి ఇంకో సెలవు అమ్మడం తేలిక, వాళ్లకది బాగా తెలుసు. అయినా అక్కావాళ్లు, స్నేహితులు "ఈసారి మేమూ వస్తాం" అంటున్నారు కదా అని ఆ బుకింగ్ కౌంటర్‌కు వెళ్లి కూర్చున్నాం. చివరి రోజుల్లో ఆ కౌంటర్ దగ్గర పెద్ద క్యూ ఉంటుంది, ముందే వెళ్లడం మేలు.

నాకు బాగా నచ్చింది గదుల ఎంపిక. ఓడలోనే ఉన్నాం కాబట్టి, డెక్ ప్లాన్ (ఏ అంతస్తులో ఏముందో చూపే పటం) చూశాక నడిచి వెళ్లి ఆ చోటెలా ఉందో చూడొచ్చు. పైన పూల్ డెక్ ఉంటే పొద్దున్నే కుర్చీలు జరిపే చప్పుడు, కింద థియేటర్ ఉంటే రాత్రి మోత. పెద్దవాళ్లకు కుదుపు తగలకూడదంటే కింది డెక్కుల్లో, ఓడ మధ్యలో తీసుకోవాలి. అదే డిజైన్‌లో కట్టిన మరో ఓడకైనా ఈ పరిశీలన చాలావరకు పనికొస్తుంది.

నలుగురు పట్టే గది విషయంలో ఒక చిక్కు ఉంది. గదిలో నాలుగు పడకలున్నా, ఆ భాగానికి కేటాయించిన లైఫ్‌బోట్ నిండితే మూడో మనిషిని సిస్టమ్ ఒప్పుకోదు. పిల్లలున్నవాళ్లు ఆలస్యం చేయకూడనిది ఇందుకే. ఒంటరిగా వచ్చే స్నేహితుడికేమో దాదాపు ఇద్దరి ఛార్జీ పడుతుంది, ముందే చెప్పేయండి.

కౌంటర్‌లో అమ్మాయి ఎంతో ఓపికగా చెప్పింది, కానీ డబ్బు సంగతిలో నోటిమాటకూ కాగితానికీ తేడా వచ్చింది. డిపాజిట్ వెనక్కి వస్తుందంది, ప్రింట్‌లో రాదని ఉంది. అడిగితే వేరే రేటుకు మార్చింది. క్రెడిట్ కూడా మామూలుగా మనిషికి కాదు, గదికి. కొన్ని కంపెనీల్లో బుక్ చేసినవాళ్లు కూడా ప్రయాణిస్తేనే ఆ లాభం వర్తిస్తుంది. తేదీ, ఓడ చెప్పకుండా కట్టే ఓపెన్ డిపాజిట్ మామూలుగా కట్టినవాళ్ల పేరు మీదే ఉంటుంది, అందుకే స్నేహితుల కోసం నేనైతే తీసుకోను. మీకు ట్రావెల్ ఏజెంట్ ఉంటే ఆ పేరు అక్కడే రాయించండి, తర్వాత మార్చడానికి గడువులుంటాయి.

ఇంటివాళ్ల వివరాలు మాత్రం మెసేజ్‌లో తెప్పించుకోవాల్సి వచ్చింది. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేర్లు, పుట్టిన తేదీలు కావాలి. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని పాపాయిని ఎక్కించుకోవు. ప్రయాణం ముగిసేలోగా గర్భం 24వ వారంలోకి వచ్చేవాళ్లనూ అంతే. ఈ సంగతి అడగాలంటే కాస్త మొహమాటమే, అయినా అడగక తప్పదు.

చివరికి మాకూ అక్కావాళ్లకూ పక్కపక్క గదులు తీసుకున్నాం, డిపాజిట్ వెనక్కి వచ్చే రేటుకే. మిగతావాళ్లకు ఓడ పేరు, తేదీ, మా బుకింగ్ నంబరు పంపాం. వాళ్ల డబ్బు వాళ్లే కట్టుకుని, ఆ నంబరుతో లింక్ చేయిస్తే డిన్నర్‌కు ఒకే బల్ల దొరుకుతుంది.