సిరామిక్ బెల్టులు: నాలుగేళ్లు వాడాక

మా షాపులో రోజూ ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) పైపుల వెల్డ్‌ని, మెషీన్ మీద తిరిగే గరుకు రేణువుల బెల్టుతో సాఫు చేయడమే పని. మామూలు అల్యూమినియం ఆక్సైడ్ బెల్టులతో మొదలుపెట్టి, కొన్నాళ్లు జిర్కోనియా వాడి, సిరామిక్‌కి మారి నాలుగేళ్లయింది; ఈ పేర్లన్నీ బెల్టు మీది రేణువుల రకాలు.

మొదటి నెలంతా దాన్ని తిట్టుకున్నాను. ఇంత ఖరీదైన బెల్టు ఎక్కడ అరిగిపోతుందోనని పైపును తాకించీ తాకించనట్టు పట్టేవాణ్ణి, రెండు రోజులకే అది నున్నబడి కోయడం మానేసింది, వెల్డ్ పక్కన పైపు వేడెక్కి నీలంగా మారింది. వేలితో తడిమితే రేణువులన్నీ అలాగే ఉన్నాయి, మొనలే మొద్దుబారాయి. తీరా చూస్తే తప్పు నా చేతిదే. సిరామిక్ రేణువు ఒత్తిడికి కొంచెం కొంచెంగా విరుగుతూ కొత్త అంచు బయటపెడుతుంది, ఒత్తకపోతే విరగదు, విరగకపోతే కోయదు. మెత్తటి కాంటాక్ట్ వీల్ (పైపు ఒత్తే చోట బెల్టు వెనక ఉండే చక్రం) తీసేసి గాళ్లున్న గట్టి రబ్బరు వీల్ వేసి, వేగం సెకనుకు 30 మీటర్ల దాకా పెంచి, భయం లేకుండా ఒత్తాను. అప్పుడు తెలిసింది దాని సత్తా. మోటారుకి దమ్ము లేకపోతే మాత్రం ఈ బెల్టు కొనడం దండగ, జిర్కోనియాతో సరిపెట్టుకోండి.

సిరామిక్ నేను 36, 60 గ్రిట్‌లలోనే వాడతాను (గ్రిట్ అంటే రేణువు సైజు, అంకె పెరిగేకొద్దీ సన్నం). 120 దాటాక మామూలు బెల్టు చాలు. తొందరలో 36 నుంచి నేరుగా 120కి దూకితే అప్పటికి బాగానే కనిపిస్తుంది గానీ, బఫింగ్ (గుడ్డ చక్రంతో మెరుగు పెట్టడం) చేశాక లోతు గీతలన్నీ పైకి తేలతాయి, మళ్లీ మొదటికే. ప్లేటు పని అయితే గ్రిట్ మార్చినప్పుడల్లా అడ్డంగా తిప్పి పట్టండి, పాత గీత మిగిలితే ఇట్టే దొరికిపోతుంది.

ఎంఎస్‌కి (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఇనుము) వాడిన బెల్టు ఎస్ఎస్ మీద పెట్టొద్దు. ఒకసారి కుర్రాడు అలా చేశాడు, తళతళలాడుతూ వెళ్లిన రెయిలింగు కొన్నాళ్లకే తుప్పు చుక్కలతో మా మీదకే ఫిర్యాదై వచ్చింది. అప్పటినుంచి బెల్టు లోపలివైపు మార్కర్‌తో రాసి పెడుతున్నాం. అల్యూమినియం అయితే బెల్టుకి గ్రీజు స్టిక్ (జిడ్డు కడ్డీ) రాయాల్సిందే, లేకపోతే లోహం రేణువుల మధ్య నిండిపోతుంది. ఆ పొడి ఉన్న డస్ట్ కలెక్టర్‌లోకి ఇనుము రవ్వలు పోనివ్వకండి, అంటుకుంటే పేలిపోతుంది.

నా అసలు గొడవ బెల్టు రెండు కొసలు కలిపి అతికించిన జాయింటుతో. ఒక లాట్‌లో బెల్టులు సగం కూడా అరగకముందే అతుకు దగ్గర తెగాయి. ఇంకో లాట్‌లో అతుకు మందంగా ఉండి, తిరుగుతుంటే టక్ టక్ మని కొట్టేది, చదును ప్లేటు మీద సమానదూరంలో అడ్డగీతలు పడేవి. మేకుకి వేలాడదీసి మడత పడనిచ్చింది మేమే కాబట్టి మొదటిదాంట్లో కొంత పాపం మాదీ ఉంది, ఇప్పుడు లావు పైపు మీద వేలాడదీస్తున్నాం. రెండోదాన్ని మాత్రం క్షమించను. ఇప్పుడు కొత్త పెట్టె రాగానే ఒకటి తీసి ముందు అతుకు మీద వేలు ఆడిస్తాను, వేలికి మెట్టు తగిలితే పెట్టె వెనక్కే.