గుంటూరు లాయరమ్మగారికి నాలుగు చుక్కలు

మా ఆడపడుచు మాకోసం బిడ్డను మోస్తానన్న వారంలోనే గుంటూరు కోర్టు దగ్గరి సందులో ఈ లాయరమ్మగారి మెట్లెక్కాం. ప్రచారం ఇష్టముండదన్నారు కాబట్టి పేరు రాయను.

అంతకుముందు ఒక సంతాన సాఫల్య కేంద్రంలో ‘మనిషిని మేమే చూస్తాం, అన్నీ కలిపి ఇంత’ అని చీరల బేరంలా చెప్పి పంపారు. 2021 సరోగసీ (ఒకరి బిడ్డను మరొకరు మోసి కనడం) చట్టం ప్రకారం అలా డబ్బుకు మనిషిని కుదర్చడం నేరమని, నడిపేవాళ్లకు పదేళ్ల వరకు, కోరి వెళ్లిన దంపతులకు తొలిసారైతే ఐదేళ్ల వరకు జైలు ఉంటుందని ఈవిడ చెబితేనే తెలిసింది. ఇద్దరం చదువుకున్నవాళ్లమే! వైద్య ఖర్చులు, బీమా తప్ప చేతికి రూపాయి ఇవ్వకూడదు. ‘మరి అద్దె గర్భం అంటారెందుకు వదినా, అద్దె ఎక్కడిది?’ అని మా ఆడపడుచుకు ఇప్పటికీ కోపమే.

మొదటి రోజే లాయరమ్మగారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, ఆడపడుచుతో ఒంటరిగా ముప్పావు గంట మాట్లాడారు. ఫీజు మాది, మంతనాలు ఆమెతో! లోపల ఏం చెబుతున్నారోనని మావారు వాచీ చూసుకుంటూనే ఉన్నారు. బయటికొచ్చి ఆమె అన్న మొదటి మాట: ‘పిండం పెట్టకముందు ఎప్పుడైనా వద్దనవచ్చట అన్నయ్యా.’ మావారి ముఖం పాలిపోయింది. నాకు మాత్రం సరైన చోటికే వచ్చామనిపించింది. ఆమెకు 33 ఏళ్లు, ఒక కొడుకు. 35 దాటితే చట్టం ఒప్పుకోదు, అదీ జీవితంలో ఒక్కసారే.

నా గర్భసంచి తీసేశారు కాబట్టి సరోగసీ అవసరమని జిల్లా వైద్య మండలి ఇచ్చే ధ్రువపత్రానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. బీమా ఏజెంటు ఏడాది పాలసీ తెస్తే లాయరమ్మగారు అక్కడికక్కడే తిప్పి పంపారు. మోసే తల్లికి 36 నెలల బీమా తప్పనిసరి.

అసలు పని మేజిస్ట్రేటు ఉత్తర్వు. పుట్టబోయే బిడ్డ ఎవరిదో, ఎవరి సంరక్షణలో ఉండాలో మేము, ఆడపడుచు కలిసి అర్జీ పెట్టుకుని ముందే తేల్చుకోవాలి. మళ్లీ దత్తత తీసుకోవాల్సిన పని లేదు. అంత ముఖ్యమైన అర్జీలో లాయరమ్మగారి టైపిస్టు నా ఇంటిపేరు తప్పు కొట్టాడు. అర్జీ వెనక్కి వచ్చింది. మూడు వారాలు పోయాయి, నా నిద్ర కూడా.

పాప పుట్టాక జనన నమోదుకు వెళితే గుమస్తా ‘ప్రసవించింది ఈవిడ కదా, తల్లి మీరెలా?’ అన్నాడు. ఉత్తర్వు ముందు పెట్టాను. రెండుసార్లు చదివి తల్లి గడిలో నా పేరు రాశాడు.

ఐదో చుక్క ఎందుకు లేదంటే, తప్పు వాళ్లదే అయినా రెండోసారి టైపు చేసినందుకు 600 రూపాయలు మా లెక్కలో వేశారు. పెద్ద మొత్తం కాదు. కానీ నేను లెక్కల టీచరును.