తొలి మ్యాచ్ చిన్న జట్టుతోనా, పెద్ద జట్టుతోనా: అభిమానికి ఏది మేలు?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (మనం కాలితో ఆడేది కాదు, బంతి చేత పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. మన పిల్లలు మాస్టర్స్ చదువుకి వచ్చి దిగేదీ దాదాపు అప్పుడే. బ్యాంకు అకౌంటు కూడా తెరవకముందే క్లాసులో ఎవరో ఒకరు "శనివారం గేమ్‌కి వస్తున్నావా?" అని అడుగుతారు. ప్రత్యర్థి ఎవరంటే ఎప్పుడూ వినని కాలేజీ పేరు చెప్పి, "అరవై పాయింట్లు కొడతాం చూడు" అని భరోసా ఇస్తారు. పేచీ అంతా ఆ అరవై దగ్గరే.

పెద్ద జట్టు చిన్న జట్టుతో సీజన్ మొదలుపెట్టినప్పుడు అభిమాని గెలుపుని ముందే జేబులో వేసుకుని వస్తాడు. ఇక మిగిలేది ఎంత తేడాతో అన్న లెక్క. యాభై తేడా వస్తే "వాళ్లదీ ఒక జట్టేనా" అని తీసిపారేస్తాడు. పది తేడాతో గెలిస్తే వారమంతా కోచ్‌ని తిట్టడమే పని. ఓడితే సరేసరి. ఎండలో మూడున్నర గంటలు కూర్చున్నా మనస్ఫూర్తిగా సంతోషించే దారి కనపడదు. అదే తొలి మ్యాచ్ సమఉజ్జీతో పడితే గెలుపు పండగ, ఓటమికి ఓదార్పు ఉంటుంది. అభిమానుల్లో చాలామంది అందుకే పెద్ద మ్యాచ్ కావాలంటారు. నా ఓటూ చివరికి అటే, కానీ వాళ్లు చెప్పే కారణాలన్నీ ఒప్పుకోను.

ముందు చిన్న మ్యాచ్ సంగతి. రెగ్యులర్ సీజన్‌లో పన్నెండు మ్యాచ్‌లే ఉంటాయి. సొంత మైదానంలో ఎన్ని ఎక్కువ ఆడితే టికెట్ల మీద అంత రాబడి. సమఉజ్జీని పిలిస్తే తర్వాతెప్పుడో తామూ వాళ్ల ఊరికి వెళ్లాలి. చిన్న కాలేజీకి ఆ బాకీ ఉండదు, చెక్కు తీసుకుని వెళ్లిపోతుంది. 2007లో అపలాచియన్ స్టేట్‌కి మిషిగన్ ఇచ్చింది 4 లక్షల డాలర్లు. 2019లో జార్జియా స్టేట్‌కి టెన్నెసీ 9.5 లక్షలు ఇచ్చింది. 2024లో నార్తర్న్ ఇల్లినాయ్‌కి నోటర్ డేమ్ 14 లక్షలు ఇచ్చింది. చిన్న కాలేజీల క్రీడా విభాగాలకి ఈ డబ్బే పెద్ద ఆసరా.

గమ్మత్తేమిటంటే పైన చెప్పిన మూడు మ్యాచ్‌లూ డబ్బు తీసుకున్నవాళ్లే గెలిచారు.

అందులో మిషిగన్ కథ ఇప్పటికీ ప్రతి ఆగస్టులో ఎవరో ఒకరు తవ్వి తీస్తారు. 2007 సెప్టెంబర్ 1న, 5వ ర్యాంకులో ఉన్న మిషిగన్ ఆన్ ఆర్బర్‌లోని సొంత స్టేడియంలో లక్షా తొమ్మిది వేల మందికి పైగా జనం ముందు దిగింది. ఎదురుగా నార్త్ కరోలినా కొండల్లోని బూన్ అనే ఊరి జట్టు అపలాచియన్ స్టేట్, అదీ కింది డివిజన్‌ది. అంతకుముందు రెండేళ్లూ ఆ డివిజన్‌లో వాళ్లే ఛాంపియన్లు, కానీ చిన్న జట్టు అనుకున్నాక ఆ వివరాలు ఎవరికి కావాలి? హాఫ్‌టైమ్‌కి అతిథులే 28-17తో ముందున్నారు. చివర్లో మిషిగన్ ఎలాగో 32-31కి చేరింది. 26 సెకన్లు మిగిలి ఉండగా అపలాచియన్ ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యకి పంపితే మూడు పాయింట్లు) కొట్టి 34-32 చేసింది. మిషిగన్ ఒక పొడవాటి పాస్‌తో దూసుకొచ్చి, ఆరు సెకన్లు ఉండగా తనూ 37 గజాల కిక్‌కి సిద్ధపడింది. ఆ కిక్‌ని కోరీ లించ్ అనే డిఫెండర్ అడ్డుకుని, బంతి చంకన పెట్టుకుని అవతలి వైపు పరుగు తీశాడు.

మనకిది కొత్త బాధేం కాదు. అదే ఏడాది మార్చిలో వరల్డ్ కప్ తొలి మ్యాచ్‌లో భారత జట్టు బంగ్లాదేశ్ చేతిలో ఓడిన రాత్రి గుర్తున్నవాళ్లకి ఆన్ ఆర్బర్‌లో ఆ రోజు జనం మొహాలు ఎలా ఉండి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఇలాంటి సంచలనాలు ఎప్పుడో ఒకసారి జరుగుతాయి. మామూలుగా పెద్ద జట్టే గెలుస్తుంది. నన్నడిగితే చిన్న మ్యాచ్‌లో అసలు నష్టం ఓటమి భయం కాదు, స్కోరు చూసి మోసపోవడం. మిషిగన్ 2014లో అదే అపలాచియన్ స్టేట్‌ని మళ్లీ తొలి మ్యాచ్‌కే పిలిచి 52-14తో బాదింది. ఏడేళ్ల పగ తీరిందని అభిమానులు సంబరపడ్డారు. ఆ సీజన్ 5-7తో, అంటే ఐదు గెలుపులు, ఏడు ఓటములతో ముగిసింది, కోచ్ బ్రేడీ హోక్ ఉద్యోగం పోయింది. ఇక 2025లో ఇండియానా తొలి మ్యాచ్‌లో ఓల్డ్ డొమినియన్‌ని ఓడించింది 27-14తో మాత్రమే. ఇంతేనా అని పెదవి విరవదగ్గ స్కోరు. ఆ జట్టు ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 16-0తో జాతీయ ఛాంపియన్ అయింది.

కాబట్టి చిన్న మ్యాచ్ చూసేవాళ్లు స్కోర్‌బోర్డు పక్కన పెట్టి మొదటి రెండు క్వార్టర్లలో, అంటే తొలి సగంలో, నాలుగు విషయాలు చూస్తే చాలు. ఎదుటివాళ్లు ముగ్గురే మీదికొచ్చినా బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ చుట్టూ కాపలా ఉన్న లైన్ చెదిరిపోతోందా? అక్కర్లేని పెనాల్టీలు ఎన్ని? ట్యాకిల్ చేయడానికి, అంటే బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడానికి వెళ్లినవాడు పట్టుకుంటున్నాడా, జారిపోనిస్తున్నాడా? మూడో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఒకటి రెండు గజాలు కావాల్సినప్పుడు నేరుగా తోసుకుని తెచ్చుకోగలుగుతున్నారా? ఆఖరిది చిన్న జట్టు మీదే చేతకాకపోతే అక్టోబర్‌లో గట్టి జట్ల మీద అస్సలు కాదు. సెకండ్ హాఫ్‌లో బెంచి మీద కుర్రాళ్లు దిగాక వచ్చే పాయింట్లకి ఏ విలువా లేదు, వాళ్ల అమ్మానాన్నలకి తప్ప.

లాస్ వేగాస్ పందేలవాళ్లు ముందే చెప్పే పాయింట్ల తేడా ఒకటుంటుంది, దాన్ని స్ప్రెడ్ అంటారు. మన జట్టు గెలిచినా స్ప్రెడ్ దాటలేదని ఏడ్చేవాళ్లని చూశాను. 2017లో హోవర్డ్ అనే చిన్న జట్టు 45 పాయింట్ల తేడాతో ఓడుతుందని లెక్కగట్టారు. సీజన్ తొలి మ్యాచ్‌లోనే నెవాడా లాస్ వేగాస్ యూనివర్సిటీని వాళ్ల ఊళ్లోనే 43-40తో ఓడించింది. అంచనా వేసినవాళ్ల ఊరు కూడా అదే కావడం విశేషం!

పెద్ద మ్యాచ్ పక్షాన మామూలుగా చెప్పే మాట, జట్టు సత్తా మొదటి రోజే తేలిపోతుందని. ఇది సగమే నిజం. 2024లో నోటర్ డేమ్ తొలి మ్యాచ్‌లోనే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని వాళ్ల మైదానంలో 23-13తో ఓడించింది. సత్తా తేలిపోయిందనుకున్నారు. తర్వాతి శనివారమే సొంత గడ్డ మీద నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో ఓడింది. అక్కడితో అయిపోయిందని అందరూ చేతులు దులిపేసుకుంటే, అదే జట్టు జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది.

రెండో మాట, పెద్ద జట్టు చేతిలో ఓడినా పరువు పోదని. టెక్సస్ అభిమానుల దగ్గర ఈ మాట జాగ్రత్తగా అనాలి. 2024లో వాళ్లు కొలరాడో స్టేట్‌ని 52-0తో చితక్కొట్టి మొదలుపెట్టి సెమీఫైనల్ దాకా వెళ్లారు. 2025లో నంబర్ వన్ ర్యాంకుతో ఒహాయో స్టేట్ మైదానంలో మొదలుపెట్టి 14-7తో ఓడారు. రెగ్యులర్ సీజన్ 9-3తో ముగిసి జాతీయ ఛాంపియన్‌ని తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. ఆ మ్యాచ్ బదులు ఏ చిన్న కాలేజీనో పిలిచి ఉంటే 10-2 అయ్యేది కదా అన్న వాదన వచ్చింది. నాకది అంతగా ఎక్కదు. ఆ ఏడాది నాలుగే మ్యాచ్‌లు గెలిచిన ఫ్లోరిడా చేతిలో ఓడింది కూడా ఇదే టెక్సస్. కొంప ముంచింది అది.

ప్లేఆఫ్‌కి నాలుగు జట్లే వెళ్లే రోజుల్లో తొలి మ్యాచ్ ఓటమి అంటే గుండెల్లో రాయి పడేది. 2024 నుంచి పన్నెండు జట్లకి చోటు ఇచ్చాక ఆ టెన్షన్ చాలా తగ్గింది. 2025లో అలబామా తొలి మ్యాచ్‌లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31-17తో ఓడింది. పేరు పెద్దదే అయినా అంతకుముందు ఏడాది ఆ ఫ్లోరిడా స్టేట్ గెలిచింది రెండంటే రెండు మ్యాచ్‌లు. అయినా అలబామా ప్లేఆఫ్‌కి వెళ్లింది. వాళ్లని ఓడించిన ఫ్లోరిడా స్టేట్ 5-7తో ఇంటికెళ్లింది. చిన్న జట్టు అన్నది కాలేజీ పేరుని బట్టి ఉండదని కూడా ఆ రోజే తెలిసింది.

అందుకే, జట్టులో క్వార్టర్‌బ్యాక్ పాతవాడై, లైన్‌లో నిరుటి కుర్రాళ్లే ఉంటే తొలి రోజే పెద్ద మ్యాచ్ పెట్టుకోవడం అభిమానికి మేలు. ఓడినా సర్దుకోవడానికి పదకొండు మ్యాచ్‌లుంటాయి, వేసవంతా ఎదురుచూసినందుకు చూడదగ్గ ఆట దొరుకుతుంది. కోచ్ కొత్త, క్వార్టర్‌బ్యాక్ కొత్త అయితే మాత్రం చిన్న జట్టే నయం. కుర్రాడికి ఊపిరి తీసుకోవడానికి ఒక్క శనివారం ఇవ్వాలి. రెండింటికీ మధ్య, కింది డివిజన్ వాళ్లని కాకుండా ఓల్డ్ డొమినియన్ లాంటి ఓ మోస్తరు జట్టుని పిలవడం నాకు అన్నిటికంటే నచ్చే పద్ధతి. ఏమరుపాటుగా ఉంటే కరిచే జట్టు, కష్టపడితే ఓడే జట్టు.

ఇక కొత్తగా వచ్చిన స్టూడెంట్లూ, పిల్లలతో వెళ్లేవాళ్లూ ఏ ఆలోచనా లేకుండా చిన్న మ్యాచ్‌కే వెళ్లండి. టికెట్ సాధారణంగా చవక, సీటు దొరుకుతుంది. ముందు పార్కింగ్‌లో టెయిల్‌గేట్ విందు, హాఫ్‌టైమ్‌లో బ్యాండు, రూల్స్ తెలియకపోయినా విసుక్కోకుండా చెప్పే పక్క సీటు పెద్దాయన, అన్నీ ఉంటాయి. టెక్సస్‌లో అయితే టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. ఆగస్టు ఎండకి అల్యూమినియం బెంచీ అట్లపెనంలా కాలుతుంది. పిల్లలు పేచీ పెడితే మూడో క్వార్టర్‌లో లేచి వచ్చేయొచ్చు, పార్కింగ్‌లోంచి బయటపడే దారి అప్పటికి ఖాళీగానే ఉంటుంది.