ఖాళీగా తిప్పితే అలిగే బండి: తొమ్మిదేళ్ల తర్వాత నా డీజిల్ పికప్

ఈ పికప్ కొని తొమ్మిదేళ్లు దాటింది. మీటరు మీద 2,10,000 కిలోమీటర్లు ఉన్నాయి. అందులో సగానికి పైగా వెనక ట్రెయిలర్ తగిలించుకుని తిరిగినవే. ఆరు సిలిండర్ల టర్బో డీజిల్, ఆటోమేటిక్ గేరు, ఫోర్ వీల్ డ్రైవ్. కంపెనీ పేరు రాయను. ఈ తరగతి బండ్లు ఎవరు చేసినా లోపలి సరంజామా దాదాపు ఒకటే, వాటి జబ్బులూ ఒకటే.

లోడు లాగడంలో దీనికి వంక పెట్టలేను. మూడు టన్నుల ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఇంజన్ 1,800 ఆర్‌పీఎం దగ్గర నిమ్మళంగా లాగుతుంది, రొప్పదు. అంతకన్నా నాకు నచ్చింది దిగేటప్పుడు. ఎగ్జాస్ట్ బ్రేక్ బటన్ నొక్కితే టర్బోలో, అంటే పొగ జోరుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి కుక్కే భాగంలో, ఉన్న రెక్కలు దగ్గరకొచ్చి పొగ పోయే దారిని బిగిస్తాయి. ఆ ఒత్తిడే ఇంజన్‌ను పట్టి ఉంచుతుంది. పొడుగాటి దిగుడులో కూడా బ్రేకు మీద కాలు పెట్టే పని పెద్దగా ఉండదు. మొదటి బ్రేక్ ప్యాడ్లు 1,10,000 కిలోమీటర్ల దాకా వచ్చాయంటే దాని పుణ్యమే.

ఖాళీగా ఉన్నప్పుడు కథ వేరు. వెనక కమాను కట్టలు బరువు కోసం చేసినవి కాబట్టి చిన్న గతుకు వచ్చినా వెనక భాగం ఎగిరి పడుతుంది. ఒకసారి వెనక సీట్లో కూర్చున్నవాళ్లు రెండోసారి ముందు సీటు అడుగుతారు. పార్కింగ్ సంగతి వదిలేయండి.

కుదుపులైతే భరించొచ్చు. ఖాళీగా, దగ్గర దగ్గర దూరాలు తిప్పితే ఇంజన్‌కే జబ్బు చేస్తుందని మాత్రం నాకు రెండో ఏడాదిలో తెలిసింది. అప్పట్లో కొన్ని నెలలు పని దగ్గర్లోనే దొరికింది. రోజూ ఐదారు కిలోమీటర్లు వెళ్లడం, ఆపడం, మళ్లీ రావడం. ఒకరోజు డీపీఎఫ్ లైటు వెలిగింది. ఇది పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్. అది నిండుతున్నప్పుడు బండి తనంతట తానే దాన్ని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. అందుకు ఫిల్టర్ లోపల 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం సిలిండర్లోకి ఆలస్యంగా ఇంకొంచెం డీజిల్ చల్లుతుంది. ఆ డీజిల్ సైలెన్సర్ దారిలోకి వెళ్లి అక్కడ కాలాలి. నేనేమో ఆ పని సగంలో ఉండగానే రోజూ తాళం తీసేస్తున్నాను.

అదే సమయంలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతోంది. "చూశావా, చుక్క ఆయిల్ తాగట్లేదు" అని మురిసిపోయాను కూడా. ఆ పుల్ల వాసన చూస్తే తెలిసింది, అది డీజిల్. ఆలస్యంగా చల్లిన దాంట్లో కొంత సిలిండర్ గోడల మీంచి జారి కిందికి చేరుతోంది. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు ఎంతకాలం బతుకుతాయి? వెంటనే ఆయిల్ మార్చేసి, ట్రెయిలర్ తగిలించి గంటసేపు హైవే మీద తిప్పాను. లైటు పోయింది.

అప్పటి నుంచి గుర్తులు పట్టడం అలవాటైంది. ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలు కన్నా కొంచెం ఎక్కువగా ఉండడం, మైలేజీ అంకె ఉన్నట్టుండి పడిపోవడం, దిగగానే కాలిన వేడి వాసన, ఫ్యాన్ హోరు. ఇవి కనిపిస్తే ఇల్లు వచ్చినా ఆపకుండా ఇంకో ఇరవై నిమిషాలు తిరిగొస్తాను. ఇంట్లోవాళ్లు దీన్ని నా పిచ్చి కింద జమకట్టారు. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, లోపలే పేరుకుంటుంది. 1,80,000 దగ్గర ఫిల్టర్ విప్పించి శుభ్రం చేయించాల్సి వచ్చింది. బూడిద తక్కువ వచ్చే రకం ఆయిలే వాడమని మాన్యువల్ ఎందుకు అంత గట్టిగా చెబుతుందో అప్పుడు అర్థమైంది.

ఇక నన్ను నిజంగా ఏడిపించిన సమస్య ఐదో ఏడాదిలో వచ్చింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది కానీ అందుకోదు. పది పదిహేను సెకన్లు తిరిగి తిరిగి, ఒక్కసారి దగ్గినట్టు చేసి స్టార్ట్ అవుతుంది. ఆ తర్వాత రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. నేను చూపించిన మెకానిక్ అయిదు నిమిషాలు విని, సిలిండర్లలోకి డీజిల్ చల్లే ఆరు ఇంజెక్టర్లూ మార్చాలన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం టైము అడిగి నేనే మొదలుపెట్టాను.

మొదట బ్యాటరీలు. ఇందులో రెండు ఉంటాయి, ప్యారలల్‌గా కలిపి. ఒకటి చెడితే రెండోదాన్నీ తినేస్తుంది కాబట్టి వైర్లు విప్పి దేనికది చూడాలి. రెండూ 12.6 వోల్టుల దగ్గర ఉన్నాయి, సెల్ఫ్ కొట్టినా 10 కిందికి దిగలేదు. ఎర్త్ వైర్ల కొసలు గీకి శుభ్రం చేశాను. స్టార్ట్ చేసేముందు చల్లటి సిలిండర్లను వేడెక్కించే గ్లో ప్లగ్‌లు ఒక్కొక్కటీ మీటరుతో చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపు కింద ఒక్కో చిన్న సీసా పెట్టి ఇంజన్ నడిపాను. పాడైన ఇంజెక్టర్ ఎక్కువ డీజిల్‌ను వెనక్కి వదిలేస్తుంది, దాని సీసా ముందు నిండుతుంది. ఆరు సీసాల్లోనూ మట్టం దాదాపు సమానం. అంటే ఇంజెక్టర్ల మీద వేసిన నేరం నిలవలేదు.

ఆధారం దొరికింది అనుకోకుండా. ఒకరోజు బండిని వాలులో, ముక్కు కిందికి ఉండేలా ఆపాను. పొద్దున సెల్ఫ్ తాకగానే స్టార్ట్ అయింది. మర్నాడు కావాలని అదే వాలులో ముక్కు పైకి పెట్టి ఆపాను. ఇరవై సెకన్లు పట్టింది. నా బండి ట్యాంకులో పంపు లేదు, ఇంజన్ దగ్గరున్న పంపే డీజిల్ పీల్చుకోవాలి. ముక్కు పైకి ఉంటే లైనులో ఉన్న డీజిల్ రాత్రంతా మెల్లగా వెనక ట్యాంకులోకి జారిపోతోంది, ఆ ఖాళీలోకి ఎక్కడి నుంచో గాలి వస్తోంది. డీజిల్ ఫిల్టర్ తర్వాత అడుగు పొడవు పారదర్శకమైన పైపు ముక్క కలిపి చూస్తే బుడగలు బారులు తీరాయి. పీల్చే వైపు లీకు కాబట్టి బయట ఒక్క చుక్క తడి లేదు, అందుకే కంటికి కనబడలేదు.

దోషి ఫిల్టర్ మూత కింద ఉండే రబ్బరు రింగు. మడత పడి నొక్కుకుపోయింది. ఆ ఫిల్టర్ మార్చింది ఎవరయ్యా అంటే, రెండు నెలల ముందు, నేనే. డీజిల్ పూసి పెట్టాల్సిన రింగును పొడిగా పెట్టి బిగించాను. కొత్త రింగు వేసి, ఎయిర్ తీశాక ఇప్పటిదాకా ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఏడో ఏడాదిలో లోడుతో ఎక్కేటప్పుడు లాగడం మానేసింది. స్కానర్ పెడితే పీ0299, అంటే టర్బో ఒత్తిడి చాలట్లేదని. అది టర్బో చెడిందని చెప్పే కోడ్ కాదు, ఒత్తిడి తక్కువైందని మాత్రమే చెబుతుంది. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి వచ్చే హోస్ అడుగున నూనె మరక, వేలితో తడిమితే చీలిక. హోస్, రెండు క్లిప్పులు మార్చాను, అంతే.

పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి చల్లే యూరియా ద్రావణం వ్యవస్థ నాకు ఈ బండిలో బొత్తిగా నచ్చని భాగం. నీళ్లలో 32.5 శాతం యూరియా, మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, కారిన చోట తెల్లటి పలుకులు కడుతుంది. ఆ ఆక్సైడ్లు కొలిచే సెన్సర్లు రెండుసార్లు పోయాయి. పోయినప్పుడల్లా "ఇన్ని కిలోమీటర్ల తర్వాత వేగం తగ్గిస్తాను" అని స్క్రీన్ మీద లెక్క మొదలవుతుంది. ట్రెయిలర్ వెనక ఉండగా ఆ అంకెలు తగ్గుతుంటే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంకోటి, పొరపాటున ఆ ద్రావణం డీజిల్ ట్యాంకులో పడితే తాళం కూడా తిప్పకండి. టో చేయించి ట్యాంకు కడిగించండి.

డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలే పని మాత్రం నేను వాయిదా వేయను. ఇంజెక్టర్లకు డీజిల్ నెట్టే హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన. అందులో నీళ్లు కలిస్తే పంపు అరిగి, ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా వెళుతుంది. అప్పుడు నిజంగానే అన్నీ మార్చాలి. ఇంజన్ నడుస్తుండగా ఆ పంపు నుంచి వెళ్లే లైన్లలో లీకు ఉందేమోనని చేత్తో తడమొద్దు. ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది, సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

నెలకు నాలుగైదు సార్లైనా బరువు లాగే పని లేకపోతే దీన్ని కొనకండి, పెట్రోల్ బండి మిమ్మల్ని సుఖపెడుతుంది. నాకైతే పని ఉంది, ఇంకా ఉంచుకుంటున్నాను. పోయిన వారం టర్బో ఆయిల్ రిటర్న్ పైపు దగ్గర సన్నటి తడి కనబడింది. తుడిచి, సుద్దతో గీత గీసి, మీటరు అంకె పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. 400 కిలోమీటర్లు తిరిగాను, తడి ఇంకా గీత దాటలేదు.