పనిరోజు పొద్దున్నే: శాలిహుండమా, కళింగపట్నమా?

సొంతంగా పని చేసుకునేవాళ్లకి సెలవు ఎవరూ ఇవ్వరు, వారం మధ్యలో మనమే ఓ పూట తీసుకోవాలి. శ్రీకాకుళం నుంచి సైకిల్ మీద అయితే రెండు దారులు.

శాలిహుండం సుమారు 18 కిలోమీటర్లు. వంశధార ఒడ్డున కొండ, పైన ఇటుకల బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. అయిదున్నరకి బయల్దేరితే ఎండ ముదరకముందే దిగిపోవచ్చు, పదకొండు గంటల క్లయింట్ కాల్‌కి ఇంట్లో ఉండొచ్చు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కింది నుంచే మోసుకెళ్లాలి.

కళింగపట్నం ఇంకా దూరం, రానూపోనూ యాభై దాటుతుంది. డెడ్‌లైన్ ఉన్న రోజు వద్దు. వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక మేట చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పక్కనే లోతు. అక్కడ స్నానానికి దిగకండి. ఇసుకలో సైకిల్ తొక్కితే గొలుసులోకి రేణువులు చేరి పళ్లు అరుగుతాయి, ఉప్పుగాలికి తుప్పు సరేసరి. నడిపించుకెళ్లండి. ఇంటికొచ్చిన రోజే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక నూనె చుక్కలు వేసి, పైపైది తుడిచేయండి. లాప్‌టాప్ పట్టుకెళ్లి ఒడ్డున పని చేద్దామన్నది ఫొటోలకే: ఎండకి తెర కనపడదు, కీబోర్డు నిండా ఇసుక.

మొదటిసారికి శాలిహుండమే. పంక్చర్ సామాను, చిన్న పంపు మాత్రం రెండిటికీ తప్పదు.