మా అత్తగారి గుండిగకు కళాయి వేసిన మేస్త్రి

తణుకు నుంచి మా ఊరొచ్చే దారిలో, కాలవగట్టు మీద, నిద్రగన్నేరు చెట్టు కింద ఒక రేకుల పాక ఉంది. బోర్డేమీ లేదు. బొగ్గుల కొలిమి కనిపిస్తే అదే. కిందటి నెల మా అత్తగారి ఇత్తడి గుండిగకు, మరో రెండు గిన్నెలకు అక్కడ కళాయి, అంటే లోపల తగరం పూత, వేయించాను. పెద్దదానికి 900, చిన్నవి రెండింటికీ కలిపి 500 తీసుకున్నారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని కాబట్టి పక్కనే కూర్చుని మొదటినుంచీ చివరిదాకా చూశాను.

గుండిగ ఇత్తడి సామాన్లకు పేరున్న అజ్జరంలో చేసింది, ఆరు కిలోలు. అత్తగారి పెళ్ళినాటిది. కార్తీకమాసంలో వనభోజనాలకు పులిహోర కలిపినా, పనసపొట్టు కూర వండినా మా ఇంట్లో ఇందులోనే. ఇత్తడిలో వేడి స్టీలులో కంటే ఏడెనిమిది రెట్లు బాగా పాకుతుంది. మంట ఒకచోటే తగిలినా వేడి అడుగంతా పరుచుకుంటుంది కాబట్టి కూర మాడదు. చిక్కల్లా పులుపుతోనే. చింతపండు పులుసు ఇత్తడికి తగిలితే రాగి అందులోకి దిగుతుంది, చిలుమెక్కి కనరు వాసన వస్తుంది. దానికి అడ్డుగానే లోపల తగరం పూత.

మూడేళ్ళ క్రితం ఈ మూడింటికీ వేరేచోట చవగ్గా కళాయి వేయించాను. మొదటిరోజే తాలింపు వేస్తుంటే గిన్నె అడుగున పూత కరిగి చిన్న చిన్న పూసలుగా చేరింది. నాకు గుండె ఝల్లుమంది. స్వచ్ఛమైన తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, సీసం 327 దగ్గర. రెండూ కలిస్తే మాత్రం దేని లెక్కా నిలవదు. తగరం 63 పాళ్ళు, సీసం 37 పాళ్ళు ఉంటే 183 డిగ్రీలకే కరిగిపోతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ళు అతుకు వేసేది దానితోనే. నూనె బాగా కాగితే ఆ వేడి ఇట్టే వచ్చేస్తుంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించలేదు గానీ, సీసం కలిసిందనే నా అనుమానం. మనవలు తినే అన్నం కదా! గిన్నెలు మూడూ అటకెక్కించాను. సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడుకు చేటు.

అందుకే ఈసారి వెళ్ళేటప్పుడు వంటింటి కాటా, కొలజాడీ సంచిలో వేసుకుని వెళ్ళాను. "మేస్త్రిగారూ, ఏమీ అనుకోకండి, మీ తగరం ఒకసారి చూడాలి" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. కడ్డీ తీసి నా చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచారు. "వినండమ్మా, ఏడుస్తోంది. సీసం ఏడవదండి, ఆయ్" అన్నారు. నిజంగానే కిర్రుమని సన్నటి చప్పుడు! తగరంలోని స్ఫటికాలు వంపుకు ఒక్కసారిగా దిశ మార్చుకోవడం వల్ల వచ్చే శబ్దం అది. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను గానీ నా చెవులతో వినడం అదే మొదలు. ఆ తర్వాత నా పరీక్ష కూడా కానిచ్చాను. కడ్డీ 146 గ్రాములు తూగింది. కొలజాడీలో ముంచితే నీళ్ళు 20 మిల్లీలీటర్లు లేచాయి. అంటే సాంద్రత 7.3, అచ్చంగా తగరానిదే. సీసానిది 11.3. రెండూ సగం సగం బరువున కలిపి ఉంటే ఇది 9కి దగ్గరగా తేలేది.

పాత పూతంతా గీకించి, ఇసుకతో, పులుపుతో తోమాక గుండిగను నిప్పుల మీద పెట్టారు. ఆయన దగ్గర పనిచేసే అబ్బాయి కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పుతుంటే బొగ్గులు రాజుకున్నాయి. మేస్త్రి దగ్గర థర్మామీటరేమీ లేదు. తగరం కడ్డీ కొసతో గిన్నెను తాకిస్తూ ఉంటారు. కొస కరిగి జారితే వేడి చాలినట్టు, జారకపోతే ఇంకా తిప్పమని అబ్బాయికి సైగ. ఇది ఉజ్జాయింపు పద్ధతి అనుకోకండి. 1990 నుంచి ప్రపంచమంతా పాటిస్తున్న ఉష్ణోగ్రతా ప్రమాణంలో తగరం గడ్డకట్టే 231.928 డిగ్రీలు ఒక స్థిర బిందువు. మంచి మంచి ప్రయోగశాలలు తమ థర్మామీటర్లను సరిచూసుకునే గుర్తూ, కాలవగట్టు మీద మేస్త్రి చేతిలోని గుర్తూ ఒకటేనని తెలిసి నాకు కళ్ళు చెమర్చాయి.

వేడి చాలగానే నవాసారం (అమ్మోనియం క్లోరైడు) చల్లారు. తెల్లటి పొగ గుప్పుమంది. ఆ వేడికి నవాసారం అమ్మోనియాగా, హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిగా విడిపోతుంది. ఆ ఆవిరి ఇత్తడి మీది ఆక్సైడు పొరను తినేస్తుంది. అప్పుడే తగరం పట్టేది. కడ్డీ రుద్ది, దూదితో ఒక్క తుడుపు తుడిచారు. పసుప్పచ్చని గుండిగ లోపలంతా వెండిలా మెరిసింది!

కడ్డీని మళ్ళీ తూచాను. గుండిగకు పట్టింది 30 గ్రాములే. లోపలి వైశాల్యంతో లెక్కేస్తే పూత మందం మిల్లీమీటరులో నూరో వంతు. ఇంటికొచ్చి వేడి లెక్క కూడా వేశాను. ఆరు కిలోల ఇత్తడిని 200 డిగ్రీలు పైకి తేవడానికి సుమారు 456 కిలోజౌళ్ళు కావాలి. ఆ 30 గ్రాముల తగరాన్ని వేడిచేసి కరిగించడానికి మూడు కిలోజౌళ్ళ పైచిలుకు చాలు. బొగ్గుల ఖర్చంతా గుండిగ బరువుకే! పెద్దదానికి 900 ఎందుకని ముందు బేరమాడాను. లెక్క చూశాక అలా ఆడకుండా ఉండాల్సిందనిపించింది.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకు పని కాలేదు, రెండుసార్లు తిరిగాను. ఒక గిన్నెలో అంచు కింద వేలెడంత మేర పూత అందలేదు. చూపిస్తే మారు మాటాడకుండా మళ్ళీ వేశారు. నా బాధంతా ఆ పొగ గురించి. మేస్త్రీ అబ్బాయీ మూతికి గుడ్డ కూడా కట్టుకోరు. పాకకు గాలి వచ్చే వైపు కూర్చోమని అబ్బాయికి గట్టిగా చెప్పి వచ్చాను. ఆయాసం ఉన్నవాళ్ళు గిన్నెలిచ్చి వచ్చేయండి, అక్కడ కూర్చోకండి.

వాడేవాళ్ళకు ఒక్కటే జాగ్రత్త. కళాయి గిన్నెను ఖాళీగా స్టవ్ మీద వదలొద్దు. అందులో నీళ్ళున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, పూతకు ఢోకా లేదు. ఖాళీ గిన్నె నిమిషాల్లో 232 దాటేస్తుంది. తాలింపు వేరే మూకుడులో వేసుకుని కలపండి. తోమడానికి స్టీలు పీచు వద్దు, కొబ్బరి పీచు చాలు.

మొన్న ఆదివారం గుండిగలో పులుసు కాచి, పరీక్ష కోసం రాత్రంతా అందులోనే ఉంచాను. తెల్లారి చూస్తే చిలుము చుక్క లేదు, కనరు వాసన లేదు. అత్తగారు గరిటెతో అరచేతిలో వేయించుకుని రుచి చూశారు. "ఇప్పుడు మా పుట్టింటి గుండిగలా ఉందే అమ్మాయ్" అన్నారు.

వెళ్ళేవాళ్ళు ఉదయం తొమ్మిదిలోపు వెళ్ళండి. ఎండెక్కితే కొలిమి ఆపేస్తారు. వానరోజున అసలు వెలిగించరు.