పాపాయి తలలో నీరు: షంటా, ఈటీవీయా?

తలలో నీరు చేరిన పసిబిడ్డకు ఆపరేషన్ అనగానే సాధారణంగా వినిపించే పేర్లు రెండే: షంట్, ఈటీవీ (ఎండోస్కోపిక్ థర్డ్ వెంట్రిక్యులాస్టమీ).

షంట్ అంటే మెదడులోని నీటిని చర్మం కిందుగా పొట్టలోకి దించే సన్నని గొట్టం, దానికో వాల్వు. ఎంత చిన్న బిడ్డకైనా చాలావరకు ఇదే వేస్తారు. టెన్షన్ అంతా తర్వాతే. గొట్టం మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. వాంతులు, విడవని మగత, ఉబ్బిన మాడు, కిందికే చూస్తూ ఉండిపోయే కళ్లు కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఈటీవీలో గొట్టం ఉండదు. మెదడులోని మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి దారి ఇస్తారు. వినగానే ఇదే మేలనిపిస్తుంది. కానీ ఆరు నెలలలోపు పిల్లల్లో ఇదొక్కటే చేస్తే విఫలమయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఉగాండాలోని ఎంబాలేలో డాక్టర్ బెంజమిన్ వార్ఫ్ నీరు ఊరే కణజాలాన్ని కాల్చడం కూడా దీనికి జోడించారు. ఇన్ఫెక్షన్ తర్వాత నీరు చేరిన 100 మంది పసిపిల్లలపై అక్కడే జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, ఆపరేషన్ అయిన ఏడాదికి తెలివితేటల ఎదుగుదలలో షంట్‌కూ, కాల్చడం జోడించిన ఈటీవీకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

రంధ్రం కూడా మూసుకుపోవచ్చు. గొట్టం లేదు కదా అని కాపలా మానకండి. నీరు ఎందుకు చేరిందో, ఇంత చిన్నపిల్లలకు ఈటీవీ ఎన్నిసార్లు చేశారో సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి.